బ్యాగు అడుగున ఒక్క తూటా: విమానాశ్రయ, పోలీసు, కస్టమ్స్ అధికారులకు, విమాన సంస్థలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విమానాశ్రయ భద్రతాధికారులకు, పోలీసు, కస్టమ్స్ శాఖల పెద్దలకు, ఆయుధాల చట్టం అమలు చూసే ఉన్నతాధికారులకు, అమెరికా నుంచి మన దేశానికి ప్రయాణికులను చేరవేసే విమాన సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

అమెరికా నుంచి వచ్చినవాళ్ళ బ్యాగులో మరిచిపోయిన తూటా స్కానర్‌లో కనబడితే మీరు చూసీ చూడనట్టు వదిలేయకూడదు. అందులో మీతో మాకు పేచీ లేదు. తూటా దొరికాక నడిచే తతంగం మీద పేచీ ఉంది. అది దొరికే పరిస్థితి రాకముందే చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పకపోవడం మీద ఇంకా ఎక్కువ పేచీ ఉంది. ఇదంతా సంబంధిత కార్యాలయాలకు రాసి పంపాం. గుర్తుచేస్తూ మళ్ళీ రాశాం. అందిందన్న జవాబు కూడా రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాను.

నేను టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో ఉంటున్న తెలుగువాణ్ణి. నా దగ్గర చట్టప్రకారం కొన్న పిస్టల్ ఒకటి ఉంది. అంతమాత్రాన తుపాకుల పిచ్చి ఉన్నవాణ్ణి అనుకోవద్దు. అది ఇంట్లో ఉండాలా వద్దా అని మా ఆవిడకూ నాకూ ఇప్పటికీ వాదన తెగలేదు. ఇండియాకు తుపాకీ తెచ్చుకోనివ్వమని నేను అడగడం లేదు. అలా తేవాల్సిన అవసరం మాలో ఎవరికీ లేదు. మరిచిపోయిన తూటాకూ, దాచి తెచ్చిన తుపాకీకీ తేడా చూడమని అడుగుతున్నాను. ఆ తేడా చూడటానికి హైకోర్టు దాకా వెళ్ళనవసరం లేకుండా చేయమని అడుగుతున్నాను.

అసలు బ్యాగులోకి తూటా ఎలా వస్తుందో ముందు చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూస్తే, అమాయకుడి బ్యాగులో తూటా ఎందుకుంటుంది అనిపించడం సహజం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు, చట్టం ప్రత్యేకంగా కాదంటే తప్ప, లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. తూటాల డబ్బాలు ఆటసామాన్లు అమ్మే పెద్ద కొట్లలో అరల మీద ఉంటాయి. గ్యాస్ స్టేషన్లలో, లిక్కర్ షాపుల్లో రాత్రి షిఫ్టు చేసే మనవాళ్ళకు దోపిడీ భయం ఉంది. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందన్న సంగతి ఇక్కడి దొంగలకూ తెలుసు. అలా కొందరు కొన్నారు. కొన్నాక వారాంతాల్లో కాల్పుల సాధన చేసే రేంజికి వెళ్ళి గురిచూసి కాల్చడం కొందరికి అలవాటైంది. రేంజికి మోసుకెళ్ళిన బ్యాగే, ఇండియా ప్రయాణం వచ్చేసరికి లాప్‌టాప్ బ్యాగవుతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తూటా మూడు సెంటీమీటర్ల పొడవు కూడా ఉండదు. లోపలి అస్తరు చిరిగిన చోట దూరిందంటే తడిమినా చేతికి తగలదు.

అమెరికన్ల మతిమరుపు ముందు ఇది ఏపాటిదో చూడండి. అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్‌ఏ లెక్క ప్రకారం, 2023లో చెక్‌పాయింట్ల దగ్గర హ్యాండ్ బ్యాగుల్లో దొరికిన తుపాకులు 6,737. వాటిలో సుమారు 93 శాతం తూటాలు నింపి ఉన్నవే. 2024లో 6,678 దొరికాయి. ఏకంగా తుపాకీనే మరిచిపోయి విమానం ఎక్కబోయేవాళ్ళు ఇంతమంది ఉన్న దేశంలో, సంచి మూలన తూటా మిగిలిపోవడం వింత కాదు. అక్కడ ఒక్క తూటా దొరికితే మామూలుగా తీసి పక్కన పెడతారు. జరిమానా నోటీసు వస్తే రావొచ్చు. ప్రయాణం మాత్రం సాగుతుంది. ఒక్కోసారి అసలు కనబడదు కూడా. ఆ బ్యాగు అట్లాంటిక్ దాటి, గల్ఫ్‌లో విమానం మారి, ఇక్కడికొచ్చి, సెలవులన్నీ గడిచి, తిరుగు ప్రయాణంలో మన స్కానర్ కిందికి వచ్చినప్పుడు బయటపడుతుంది. మన సిబ్బంది కళ్ళు చురుకైనవి. అది మెచ్చుకోవాల్సిందే.

సొంత తుపాకీతో దేశం దాటాలంటే రెండు దేశాల చట్టాలూ ఒప్పుకోవాలి. జనం బయల్దేరే దేశం చట్టమే చూస్తారు. అమెరికా పౌరుడు గానీ గ్రీన్ కార్డు ఉన్నవాడు గానీ సొంత వాడకానికి మూడు తుపాకులు, వెయ్యి తూటాల దాకా విడిగా ఎగుమతి లైసెన్సు లేకుండా తన సామానుతో తీసుకెళ్ళొచ్చు. ముందుగా ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ఆ వివరాలు నమోదు చేయాలి. అక్కడి కస్టమ్స్‌కు చూపించాలి. తుపాకీని ఖాళీ చేసి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి, ఎయిర్‌లైన్స్ కౌంటర్లో ఫలానా వస్తువు ఉందని చెప్పి చెక్-ఇన్ చేయాలి. తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు రాకుండా 4457 అనే ఫారం మీద ముందే ముద్ర వేయించుకోవాలి. ఇన్నీ పద్ధతిగా చేసినవాడు తన పని పూర్తయిందనే అనుకుంటాడు. దిగే దేశం అనుమతి లేకపోతే ఆ ముద్రలేవీ అక్కరకు రావు.

హెచ్-1బీ మీద, విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకు అమెరికాలోనే చిక్కు ఉంది. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం వలసేతర వీసాల వాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటమే నేరం. వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. కుర్రాళ్ళు నెట్‌లో వేట లైసెన్సు తీసుకుంటారు, కొట్టువాడు అమ్ముతాడు. ఆ లైసెన్సు గడువు తీరితే మినహాయింపు కూడా తీరిపోతుందని ఎంతమందికి తెలుసు? అలాంటి కుర్రాడి బ్యాగులో ఇండియాలో తూటా దొరికితే, ఇక్కడ పెట్టిన కేసు అక్కడ ఇంకో ప్రశ్నకు దారితీస్తుంది.

ఇక మన చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ, తూటా దగ్గర ఉండకూడదు. సెక్షన్ 10 ప్రకారం అనుమతి లేకుండా వాటిని దేశంలోకి తేకూడదు, బయటికీ తీసుకెళ్ళకూడదు. అమెరికా లైసెన్సు ఇక్కడ చెల్లదు. విదేశీ పర్యాటకులకు ఒక వెసులుబాటు ఉన్నా, అది కేంద్రం నోటిఫై చేసిన దేశాల వారికి, క్రీడల కోసం మాత్రమే. ఆత్మరక్షణ కోసమంటే కుదరదు. శాశ్వతంగా తిరిగొచ్చి స్థిరపడేవారికి, విదేశంలో కనీసం ఏడాది పాటు తన దగ్గర ఉన్న ఒక్క తుపాకీని సుంకం కట్టి తెచ్చుకునే దారిని కస్టమ్స్ నిబంధనలు ఇస్తూ వచ్చాయి. దానికీ ఇక్కడి లైసెన్సు చేతిలో ఉండాలి, అనుమతి ఉన్న బోర్ (తుపాకీ గొట్టం కొలత) కావాలి, బతికున్నన్నాళ్ళు ఎవరికీ అమ్మకూడదు, ఇవ్వకూడదు. సెలవులకు వచ్చిపోయేవాడికి ఇదేదీ వర్తించదు. పైగా అమెరికాలో ఎక్కువమంది కొనే తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్. మామూలు పౌరుడికి లైసెన్సు దొరకని రకం.

2019 సవరణ తర్వాత శిక్షలు బాగా పెరిగాయి. లైసెన్సు లేకుండా తూటా ఉన్నందుకు రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ దాకా జైలు, జరిమానా. నిషేధిత ఆయుధమే దొరికితే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు. తుపాకుల దొంగ రవాణా చేసేవాళ్ళకు ఈ శిక్ష ఎక్కువని నేను అనను.

అయితే మరిచిపోయినవాణ్ణి విడిగా చూసే మార్గం మన చట్టంలోనే, మన కోర్టుల మాటల్లోనే ఉంది. ఒక వస్తువు దగ్గర ఉందంటే, అది ఉందని ఆ మనిషికి తెలిసి ఉండాలని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. 1994లో రాజ్యాంగ ధర్మాసనం కూడా స్వాధీనం అంటే తెలిసి ఉంచుకోవడమేనంది. ఒక్క తూటా దొరికిన ప్రయాణికుడి కేసును ఢిల్లీ హైకోర్టు 2014లో ఇదే కారణంతో కొట్టేసింది. ఆయుధాల చట్టంలోని సెక్షన్ 39 ప్రకారం, సెక్షన్ 3 కింద ప్రాసిక్యూషన్ మొదలుపెట్టాలంటే జిల్లా మెజిస్ట్రేట్ ముందస్తు అనుమతి కావాలి. ఆ అనుమతి కేవలం సంతకం కోసం పెట్టింది కాదు, ఆలోచించి వడగట్టమని పెట్టింది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు దానంతటది జరిగిపోకూడదని 2014లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద, అరెస్టు చేయకుండానే నోటీసు ఇచ్చి పిలిపించవచ్చు.

ఇన్ని ఉండి కూడా జరుగుతున్నదేమిటి? మా చిన్నాన్న కొడుకు తన తండ్రి సంవత్సరికానికి వచ్చాడు. తిరిగి వెళ్తుంటే ఒక విమానాశ్రయంలో అతని బ్యాగులో ఒక తూటా దొరికింది. ఆ ఊరి పేరు చెప్పను. ఇది ఎక్కడైనా జరగొచ్చు కాబట్టి ఒక్కచోటి మీద వేలు పెట్టడం న్యాయం కాదు. తుపాకీ లేదు, పాత కేసులు లేవు, అమెరికాలో కొన్న రసీదు ఫోన్లోనే ఉంది. అన్నీ చూపించాడు. ఎఫ్‌ఐఆర్ అయింది, రాత్రంతా స్టేషన్లో ఉంచారు, మర్నాడు బెయిలొచ్చింది, పాస్‌పోర్టు మాత్రం రాలేదు. తూటాను పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసం నెలలు గడిచాయి. తూటా తూటాయేనని తేలింది. అది కాదని అతను ఏనాడూ అనలేదు. చివరికి హైకోర్టు కేసు కొట్టేసింది. అప్పటికి డాలస్‌లో అతని ఉద్యోగం లేదు.

ఇలాంటి కేసుల వల్ల మామూలు కుటుంబాలకు ఏమవుతుందో వరసగా చెబుతాను.

1. ఉద్యోగం, వీసా రెండూ ఒకేసారి ఊగుతాయి. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే అమెరికాలో ఉండేందుకు దొరికే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఇండియాలో ఇరుక్కున్నవాడికి అదీ అందదు. గ్రీన్ కార్డు ఉన్నవాడు ఆరు నెలలు దాటి బయట ఉండిపోతే పౌరసత్వం కోసం లెక్కించే కాలానికి గండి పడుతుంది. ముందే రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. ఇక్కడ వాయిదా నెల తర్వాత పడిందని ఎవరూ పట్టించుకోరు. అక్కడ పిల్లల స్కూలు, ఇంటి లోను కిస్తీ, ఆరోగ్య బీమా అన్నీ ఆ ఒక్క జీతం మీదే ఉంటాయి.

2. కేసు కొట్టేసినా అరెస్టు మాట పోదు. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా, ఎక్కడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. పౌరసత్వానికి పెట్టే ఎన్-400లోనూ ఆ ప్రశ్న ఉంది. హైకోర్టు తీర్పు కాగితం జత చేసినా, జవాబు అవును అనే రాయాలి. ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ ఆయుధాల చట్టం కేసు ఏమిటని వివరణ ఇచ్చుకోవాలి. పట్టుకున్న రాత్రే నోటీసు ఇచ్చి పంపి ఉంటే, కనీసం అరెస్టయ్యానని రాయాల్సిన పని ఉండేది కాదు.

3. బ్యాగు ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్ళ మీద. ఇది మీరు కూడా ఆలోచించాలి. మన ఇళ్ళలో బ్యాగులు మనిషికొకటని ఉండవు. మొగుడు రేంజికి తీసుకెళ్ళిన బ్యాగులో భార్య పాప డైపర్లు సర్దుకుని వస్తుంది. తమ్ముడి బ్యాగు అడిగి తెచ్చుకున్న అక్క ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలుండి తిరిగొచ్చే తల్లిదండ్రులకు పిల్లలు తమ పాత సూట్‌కేసులే ఇచ్చి పంపుతారు. జీవితంలో తుపాకీ ముట్టని ఆ పెద్దావిడను స్టేషన్లో కూర్చోబెట్టి ఈ తూటా ఎక్కడిదమ్మా అంటే ఆమె ఏం చెబుతుంది?

4. పూచీకత్తు, లాయర్ ఫీజు, మధ్యవర్తులు. జామీనుకు ఊళ్ళో పొలం కాగితాలు పట్టుకొచ్చేది ముసలి తండ్రే. టెన్షన్‌తో బీపీ పెరిగి ఆస్పత్రి పాలయ్యేదీ ఆయనే. ఎన్నారై కేసని తెలియగానే, నేను మాట్లాడి చూస్తానంటూ వచ్చేవాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పనక్కర్లేదు. విధానం రాతలో లేని చోటే ఇలాంటివాళ్ళకు పని దొరుకుతుంది.

5. మీ సమయం కూడా పోతుంది. ఒక తూటాకు ఎఫ్‌ఐఆర్, పంచనామా, ఫోరెన్సిక్ పరీక్ష, ఛార్జిషీటు, హైకోర్టులో కౌంటర్ అఫిడవిట్. ఇంతా చేసి కేసు నిలబడదని మొదటి రోజే అందరికీ తెలుసు. నిజంగా ఆయుధాలు చేరవేసేవాళ్ళను వెతకాల్సిన సిబ్బంది ఈ కాగితాలు మోస్తున్నారు.

మన దేశం ఒక్కటే ఇలా ఉందని అనడం లేదు. చాలా దేశాలు మనకంటే కఠినం. సింగపూర్‌లో అనుమతి లేని తూటాకు అయిదేళ్ళ నుంచి పదేళ్ళ జైలు, దానితో పాటు బెత్తం దెబ్బలు. విశాఖ వెళ్ళేవాళ్ళలో సింగపూర్‌లో విమానం మారేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇది మనకు సంబంధం లేని సంగతి కాదు. నయాగరా చూడ్డానికి వెళ్ళి, అవతలి ఒడ్డు నుంచి ఇంకా బాగుంటుందని కారుతో కెనడాలోకి వెళ్ళే మన కుటుంబాలు ఎన్నో. అక్కడ 2022లో పిస్టళ్ళ దిగుమతిని, అమ్మకాలను స్తంభింపజేశారు. డాష్‌బోర్డు అరలో పిస్టల్ మరిచిపోయి వంతెన దాటితే తుపాకీ పోవడంతో ఆగదు. అమెరికాలోనే రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడాలున్నాయి. 2005లో ఒక ప్రయాణికుడు తన రాష్ట్రంలో చట్టబద్ధంగా ఉన్న తుపాకీని తాళం వేసి చెక్-ఇన్ చేసి బయల్దేరాడు. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో కనెక్షన్ విమానం తప్పింది. రాత్రికి బ్యాగు తీసుకుని హోటల్‌కు వెళ్ళాడు. పొద్దున్నే తిరిగొచ్చి మళ్ళీ డిక్లేర్ చేస్తే అరెస్టు చేశారు. నిజం చెప్పినందుకే జైల్లో పడ్డాడన్నమాట. నష్టపరిహారం కోసం వేసిన దావాలో 2010లో అప్పీలు కోర్టు కూడా అతనికి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. టెక్సాస్ నుంచి న్యూఆర్క్ మీదుగా ఇండియా వచ్చే మనవాళ్ళు దీన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి.

వీటన్నిటిలో మీరు ముఖ్యంగా చూడాల్సింది టర్క్స్ అండ్ కేకాస్ దీవుల ఉదాహరణ. కరీబియన్‌లో బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న చిన్న చోటు. సముద్రతీరంలో సెలవులు గడపడానికి అమెరికన్లు వెళ్తుంటారు. తుపాకీ గానీ తూటా గానీ దొరికితే కనీసం పన్నెండేళ్ళ జైలని అక్కడి చట్టం. సామాను చూసుకోండని బహామాస్‌లోని అమెరికా ఎంబసీ 2023లోనే హెచ్చరించింది. అయినా 2024 నాటికి బ్యాగుల్లో మరిచిపోయిన తూటాలతో పలువురు అమెరికన్ పర్యాటకులు పట్టుబడి, వారాల తరబడి, కొందరు నెలల తరబడి దీవి వదిలి వెళ్ళలేకపోయారు. వాళ్ళలో సెలవులకు వచ్చిన అమ్మలూ నాన్నలూ ఉన్నారు. చివరికి కోర్టులు ప్రత్యేక పరిస్థితులని చెప్పి సస్పెండెడ్ శిక్షలు (అమలు నిలిపివేసిన శిక్షలు), జరిమానాలతో పంపాయి. 2024 జూన్‌లో అక్కడి చట్టసభ సవరణ చేసి, జడ్జీలకు విచక్షణ పెంచింది. తుపాకుల హింసతో అల్లాడుతున్న దీవులవి. చట్టాన్ని వదులుకోలేదు. తెలిసి తెచ్చినవాణ్ణి, తెలియక తెచ్చినవాణ్ణి వేరు చేశారు, అంతే. వాళ్ళకు చట్టమే మార్చాల్సి వచ్చింది. మనకు చట్టం మార్చాల్సిన పని కూడా లేదు.

మా డిమాండ్లు ఇవి.

1. టికెట్‌తోనే హెచ్చరిక. అమెరికా నుంచి ఇండియాకు టికెట్ కొన్న ప్రతి ప్రయాణికుడికీ, వెబ్ చెక్-ఇన్ సమయంలో మరోసారీ, ఒక్క విషయం మీదే మెసేజ్ వెళ్ళాలి: తుపాకీ, తూటా, కాల్చాక మిగిలే ఖాళీ తొడుగు, తూటాలు నింపే మ్యాగజైన్, ఏదైనా సరే బ్యాగులో ఉంటే ఇండియాలో క్రిమినల్ కేసవుతుంది, ప్రతి జేబూ తిరగేసి చూసుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ప్రయాణికులకు తెలుగులో కూడా పంపాలి. ప్రమాదకర వస్తువులు లేవని ఒప్పుకుంటూ టిక్ పెట్టే గడి ఇప్పటికే ఉందని విమాన సంస్థలు అంటాయి. లైటర్లు, బ్యాటరీలు, పెయింట్ డబ్బాల బొమ్మల మధ్య తూటా బొమ్మ ఒకటి ఉంటే దాన్ని ఎవరూ చూడరు. విడిగా చెప్పండి.

2. స్వచ్ఛందంగా చెప్పినవాడికి కేసు వద్దు. దిగగానే, కస్టమ్స్ దాటకముందే, నా బ్యాగులో ఇది ఉంది అని తానే ముందుకొచ్చి అప్పగించినవాడి దగ్గర వస్తువు తీసుకుని, రసీదు ఇచ్చి, వివరాలు నమోదు చేసి పంపండి. తిరుగు ప్రయాణంలో స్కానర్‌కు ముందు కూడా అలాంటి ఏర్పాటు ఉండాలి. ఇప్పుడున్న పద్ధతిలో తూటా కనబడిన ప్రయాణికుడికి బుద్ధిగా అప్పగించాలనిపించదు, హోటల్ చెత్తబుట్టలో వేయాలనిపిస్తుంది. ఆ చెత్తబుట్టలోంచి అది ఎవరి చేతికి వెళ్తుందో ఆలోచించండి.

3. రాతపూర్వక విధానం. తుపాకీ లేకుండా ఒకటి రెండు తూటాలో, ఖాళీ తొడుగులో దొరికి, నేరచరిత్ర లేక, తుపాకీ కొన్న ఆధారం చూపగలిగితే, అదే రోజు విచారణ జరిపి, వాంగ్మూలం తీసుకుని, సెక్షన్ 35(3) నోటీసుతో పంపాలి. ఆయుధాల చట్టంలోని సెక్షన్ 45, ఆయుధంతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలను ఈ చట్టం పరిధి నుంచే తప్పించింది. ఖాళీ తొడుగు దొరికినప్పుడు ముందు ఆ సెక్షన్ తెరిచి చూడమని కింది స్థాయి వారికి చెప్పండి. దేశమంతటా ఒకే విధానం ఉండాలి. ఒక విమానాశ్రయంలో వదిలేసి ఇంకోచోట రిమాండ్‌కు పంపితే దాన్ని చట్టమనరు, అదృష్టమంటారు.

4. సెక్షన్ 39 అనుమతికి గడువు. ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇస్తారో లేదో ముప్పై రోజుల్లో, కారణాలు రాసి తేల్చాలి. మరిచిపోయిన తూటా అని దర్యాప్తులో తేలితే అనుమతి నిరాకరించి అక్కడితో ఫైలు మూసేయాలి. ఫోరెన్సిక్ పరీక్ష అవసరమైతే ఈ కేసులను వేరే వరసలో పెట్టి త్వరగా తేల్చాలి.

5. పాస్‌పోర్టు అట్టిపెట్టుకోవడం ఆపాలి. పాస్‌పోర్టును జప్తు చేసి ఉంచుకునే అధికారం పాస్‌పోర్టు అధికారులదేనని సుప్రీంకోర్టు 2008లోనే స్పష్టం చేసింది. విచారణకు వీడియోలో హాజరవుతానని, పిలిస్తే వస్తానని హామీ, పూచీకత్తు ఇచ్చినవారిని ఉద్యోగానికి, పిల్లల దగ్గరికి వెళ్ళనివ్వండి. దేశం దాటకుండా ఆపే లుకౌట్ సర్క్యులర్ ఇస్తే, కేసు మూసిన రోజే దాన్ని కూడా ఎత్తేయాలి. హైకోర్టు కేసు కొట్టేశాక కూడా ఇమిగ్రేషన్ కౌంటర్లో పాత పేరు తగిలి విమానం పోగొట్టుకునే గతి ఎవరికీ పట్టకూడదు.

6. లెక్కలు బయటపెట్టాలి. ఏడాదికి ఎన్ని విమానాశ్రయాల్లో ఎన్ని తూటాలు దొరికాయి, ఎన్నిటిలో తుపాకీ కూడా ఉంది, ఎన్ని కేసుల్లో శిక్ష పడింది, ఎన్ని కొట్టేశారు? అమెరికా సంస్థ టీఎస్‌ఏ దొరికిన తుపాకుల లెక్క ఏటా చెబుతోంది. మీరూ చెబితే, మా మాటలో నిజమెంతో మీకే తెలుస్తుంది.

7. అమెరికాలోని మన కాన్సులేట్లు, ముఖ్యంగా టెక్సాస్ వ్యవహారాలు చూసే హ్యూస్టన్ కాన్సులేట్, ఈ నిబంధనలను తెలుగు, తమిళం, గుజరాతీ, పంజాబీ లాంటి భాషల్లో ఒక పేజీ కాగితంగా వేయాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో పాటు, పాస్‌పోర్టు రెన్యూవల్‌తో పాటు ఆ కాగితం వెళ్తే చాలు.

మనవాళ్ళకు కూడా ఒక మాట. అమెరికాలోని తెలుగు సంఘాలైన తానా, ఆటా, నాటా సభల్లో సినిమావాళ్ళ కార్యక్రమాలకు, విందు భోజనాలకు లోటుండదు. ఆ మూడు రోజుల్లో ఒక గంట ఒక న్యాయవాదిని పిలిచి ఈ సంగతి చెప్పిస్తే, సభకు వచ్చిన కుటుంబాల్లో ఏదో ఒకటైనా బయటపడుతుంది. రేంజి బ్యాగు వేరే ఉంచండి, దాన్ని గ్యారేజీ దాటి ఇంట్లోకి తేవద్దు. అమ్మానాన్నలకు ఇచ్చే సూట్‌కేసు కొత్తదే కొనివ్వండి, వంద డాలర్లు కూడా కాదు. ఇండియా వస్తూ భద్రత కోసమని పిస్టల్ తెచ్చుకుందామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. పైన చెప్పిన ఏడు డిమాండ్లలో ఒక్కటి కూడా అలాంటివారి కోసం కాదు.

అధికారులకు చివరిగా చెప్పేది ఇది. డిసెంబరు సెలవులకు, ఆ వెంటనే సంక్రాంతికి అమెరికా విమానాలు నిండుగా వస్తాయి. మిగతావాటికి శాఖల మధ్య చర్చలు, ఫైళ్ళు, సంతకాలు కావాలని మాకు తెలుసు. మొదటి డిమాండ్‌కు, అంటే టికెట్‌తో పంపే హెచ్చరికకు, అవేవీ అక్కర్లేదు. విమాన సంస్థలకు ఒక సర్క్యులర్ పంపితే సరిపోతుంది. ఈ సీజన్ మొదలయ్యేలోపు అది వెలువడాలి. మూడో డిమాండ్ మీద, ఒప్పుకుంటారా లేదా, ఒప్పుకోకపోతే ఎందుకని, రాతపూర్వకంగా జవాబు కావాలి. ఈ లేఖ ప్రతులను రెండు తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు కూడా పంపుతున్నాం.

ఇట్లు,
డాలస్ ప్రాంత తెలుగు కుటుంబాల తరఫున
ఒక తెలుగువాడు